గోధుమరంగు బోర్డు వెంట

డబ్లిన్ నుంచి దక్షిణంగా మోటార్‌వే మీద గంట సేపు పోతే కార్లో అన్న పేరు కనిపిస్తుంది. టూరిస్టు బస్సులు ఆ పేరును పెద్దగా పట్టించుకోవు. కిల్కెన్నీ కోట చూడాలనో, వాటర్‌ఫర్డ్ చేరాలనో అలాగే సాగిపోతాయి. అక్కడ మలుపు తిరిగిన కారుకి మాత్రం పది నిమిషాల్లో వేరే ఐర్లండ్ ఎదురవుతుంది. రోడ్డు సన్నబడుతుంది. రెండు పక్కలా మనిషెత్తు దాటిన పొదల దడులు. ఇంకా లోపలికి పోతే తారు రోడ్డు నడిమధ్యన పచ్చటి గడ్డి చార. ఎదురొచ్చే ట్రాక్టరు ఓ పక్కకు ఒదిగి దారి ఇస్తుంది. దాన్ని తోలే మనిషి స్టీరింగు మీంచి ఒక్క వేలు పైకెత్తుతాడు. అక్కడి నమస్కారం అదే. నాలుగు రోడ్ల కూడలిలో ఓ గోధుమరంగు బోర్డు, దాని మీద తెల్ల అక్షరాల్లో ఒక తోట పేరు, పక్కన బాణం గుర్తు ఉంటాయి. తర్వాతి కూడలిలో ఆ బోర్డు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

అసలు సరదా ఆ రెండో కూడలి దగ్గరే మొదలవుతుంది.

ఐర్లండ్‌లో తోటలు చూడాలనుకునేవాళ్లకి ఎవరైనా చెప్పే పేర్లు రెండో మూడో ఉన్నాయి. విక్లో కొండల అంచున 47 ఎకరాల పవర్‌స్కోర్ట్, డబ్లిన్‌లో 1795 నుంచీ ఉన్న గ్లాస్‌నెవిన్ బొటానిక్ గార్డెన్స్... వాటి గొప్పతనానికి వంక పెట్టలేం. కాకపోతే ఎండ కాసిన ఆదివారం అక్కడ పువ్వుకంటే ముందు సెల్ఫీ కర్ర కనిపిస్తుంది. కార్లోలో ఆ బెడద లేదు. రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్‌లోని 26 కౌంటీల్లో చిన్నతనంలో దీనిది రెండో స్థానం. విస్తీర్ణం సుమారు 897 చదరపు కిలోమీటర్లు. 2022 జనాభా లెక్కల్లో తేలిన సంఖ్య 61,968. కౌంటీ మొత్తం కలిపినా మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత! 1841లో ఇక్కడ 86,228 మంది ఉండేవారు. ఆ తర్వాత బంగాళాదుంప పంట కుళ్లి వచ్చిన మహా కరువు, దాని వెంట వలసలు. 180 ఏళ్లు గడిచినా కౌంటీ ఆ పాత సంఖ్యను అందుకోలేదు.

మనుషులు తగ్గిన నేల మీద చెట్లు మిగిలాయి. పశ్చిమాన బారో నది, తూర్పున స్లేనీ నది, దక్షిణాన బ్లాక్‌స్టెయిర్స్ కొండలు, వాటిలో 795 మీటర్ల మౌంట్ లెయిన్‌స్టర్ శిఖరం. ఆ కొండల కింద ఉన్నది గ్రానైటు. గ్రానైటు అరిగి ఏర్పడిన మట్టికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. హిమాలయాల మొక్కలు కోరుకునేదీ అదే. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని చలికాలం మంచు గడ్డకట్టించి చంపేసేంత కఠినంగా ఉండదు, ఎండాకాలం మాడ్చదు. తోటమాలికి ఇంతకంటే కావాల్సిందేముంది? డబ్బు, ఓపిక, కొంచెం పిచ్చి. ఆ మూడో దాని కథలే ఇక్కడ ఎక్కువ.

చిరునామా లేని ఊళ్లు

తెలియని తోటను పట్టుకోవడం ఐర్లండ్ పల్లెల్లో నిన్నమొన్నటి దాకా నిజంగానే కష్టం. ఇళ్లకు నంబర్లుండవు, వీధికి పేరుండదు. ఇంటిపేరు, 'టౌన్‌ల్యాండ్' అనే పాత గ్రామఖండం పేరు, దగ్గర్లోని ఊరు... చిరునామా అంటే అంతే. ఐర్లండ్ ద్వీపం మొత్తమ్మీద అలాంటి టౌన్‌ల్యాండ్‌లు 60 వేలకు పైగా ఉన్నాయి. ఒకే చిరునామా నాలుగైదు ఇళ్లకుంటే ఎవరి ఉత్తరం ఎవరిదో పోస్ట్‌మ్యాన్‌కి మాత్రమే ఎరుక. 2015లో ప్రభుత్వం ఎయిర్‌కోడ్ తెచ్చింది. ఏడు అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్, ప్రతి ఇంటికీ విడిగా ఒకటి. కార్లో పట్టణం చుట్టుపక్కల చాలావాటికి అది ఆర్93తో మొదలవుతుంది. ఇప్పుడు తోట పేరు కంటే ఈ కోడ్ చేతిలో ఉండటం ముఖ్యం. ఫోన్‌లో పేరు కొడితే అదే పేరున్న ఇంకో టౌన్‌ల్యాండ్‌లోని గొడ్ల చావడికి దారి చూపించినా ఆశ్చర్యపడక్కర్లేదు.

రెండో దారి ఇంకా తమాషాగా ఉంటుంది. అది ఆదాయపు పన్ను చట్టంలోంచి వెళ్తుంది! 1997 నాటి పన్నుల చట్టంలో 482వ సెక్షన్ ఒకటుంది. చారిత్రక విలువ ఉన్న పాత భవనాలకు, తోటలకు యజమానులు చేసే మరమ్మతు ఖర్చు మీద అది పన్ను రాయితీ ఇస్తుంది. షరతు ఏమిటంటే ఏడాదిలో కనీసం 60 రోజులు జనానికి తలుపులు తెరవాలి. అందులో 40 రోజులు మే నుంచి సెప్టెంబరు లోపే ఉండాలి. ఆగస్టులో వచ్చే జాతీయ వారసత్వ వారంలో గేటు మూయకూడదు. ఏ ఆస్తి ఏ తేదీల్లో తెరుస్తారో, ప్రవేశ రుసుము ఎంతో ఏటా జాబితా వస్తుంది. గైడ్ పుస్తకాల్లో చోటు దొరకని గేట్లు కూడా ఆ జాబితాలో బయటపడతాయి. పన్ను కాగితాలు చదివి తోటలు కనిపెట్టడం ఎంత పొడిపొడి వ్యవహారంగా వినిపించినా, పనికొచ్చే కిటుకు.

మూడోది అన్నిటికంటే సులువు. కార్లో పర్యాటక సంస్థ తోటలన్నిటినీ కలుపుతూ 'కార్లో గార్డెన్ ట్రెయిల్' అని ఒక దారి గీసి పెట్టింది. తోట బాగుంటే చాలు, పొరుగు కౌంటీదైనా తన జాబితాలో కలిపేసుకోవడం దాని అలవాటు. ఏటా జులై ఆఖర్న మొదలై ఆగస్టులోకి సాగే గార్డెన్ ఫెస్టివల్ కూడా ఇక్కడ ఉంది. పేరున్న తోటమాలులు వచ్చి, సభా వేదిక మీద కాకుండా తోటల్లోనే నిలబడి మాట్లాడతారు.

టీ తోటల నుంచి వచ్చిన మనిషి

కార్లోలో ఒక్క తోటకే సమయం ఉందంటే అది ఆల్టమాంట్ కావాలి. టల్లో, బన్‌క్లోడీ ఊళ్ల మధ్య పొలాల్లో ఉంటుంది. రోడ్డు మీంచి చూస్తే లోపల ఏముందో తెలియదు.

ఫీల్డింగ్ లెకీ వాట్సన్ అనే ఆయన సిలోన్‌లో టీ తోటలు చూసుకుని తిరిగొచ్చిన మనిషి. 1923లో కుటుంబంతో ఆల్టమాంట్‌లో స్థిరపడ్డాడు. ఆయనకు రోడోడెండ్రాన్ల పిచ్చి. సిక్కింకో నేపాల్‌కో వెళ్లిన తెలుగువాళ్లు వసంతంలో కొండవాలు ఎర్రబడటం చూసే ఉంటారు. అదే జాతి. నేపాల్‌కు జాతీయ పుష్పం, ఉత్తరాఖండ్‌కు రాష్ట్ర వృక్షం. ఆ రోజుల్లో హిమాలయాలకూ టిబెట్ అంచులకూ విత్తనాల కోసం యాత్రికులు వెళ్లేవారు. ఆ యాత్రలకు యూరప్‌లోని తోటల యజమానులు చందాలు కట్టేవారు. చందాకు తగ్గట్టు విత్తనాల పొట్లాలు పోస్టులో వచ్చేవి. వాట్సన్ కూడా అలా చందా కట్టినవాడే. విత్తనం మొలిచి, పొద అయి, పువ్వు పూసేసరికి ఏళ్లు పడతాయి. ఏ రంగు పూస్తుందో ముందుగా తెలియదు. లాటరీ టికెట్ కొని పదేళ్లు దాచుకోవడం లాంటిదే ఇది!

కూతురు పుడితే ఆయన తనకిష్టమైన రోడోడెండ్రాన్ రకం పేరే పెట్టాడు. కరోనా. ఇప్పుడా పేరు వినగానే మనకు వేరే గుర్తొస్తుంది గానీ, ఆల్టమాంట్‌లో ఆ పేరుకు ఒకటే అర్థం. పెళ్లయ్యాక కరోనా నార్త్ అయిన ఆమె తండ్రి నాటినవాటిని కాపాడింది, తాను ఇంకా నాటింది. 1999లో చనిపోతూ తోట మొత్తాన్ని ఐర్లండ్ ప్రభుత్వానికి రాసిచ్చింది. ఆమె పేరుతో ప్రహరీ తోటలో పొడవాటి పూలబాట వేశారు. దారికి అటూ ఇటూ వెడల్పాటి మళ్లలో నడుము ఎత్తు, భుజం ఎత్తు పూలమొక్కలు. జులైలో అక్కడ నడిచేవాళ్లు అడుగడుక్కీ ఆగిపోతారు, పిల్లలు మాత్రం తుమ్మెదల్ని చూసి పరుగు తీస్తారు.

అయితే ఆల్టమాంట్ గుట్టు ఆ పూలమళ్లలో లేదు. ఇంటి దగ్గర యూ చెట్ల కమానుల కిందుగా వాలు దిగే బాట చివర ఒక సరస్సు కనిపిస్తుంది. అది దేవుడు పెట్టింది కాదు. కరువు రోజుల్లో కూలి కల్పించడానికి వంద మంది, గుర్రాలతో బండ్లతో రెండేళ్లపాటు తవ్వారని చెబుతారు. ధాత కరువులో మద్రాసు దగ్గర బకింగ్‌హామ్ కాలువ పనులు జరిగిన తీరు తెలిసినవాళ్లకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. ఆకలితో ఉన్న మనిషి చేత ఊరికే కాకుండా పని చేయించి తిండి పెట్టాలన్నది అప్పటి తెల్లదొరల సిద్ధాంతం. ఇప్పుడా నీళ్ల మీద కలువలు, ఒడ్డున అక్టోబరులో ఎర్రగా మండే మేపుల్ చెట్లు. చూడటానికి ఎంత హాయిగా ఉన్నా, ఆ అడుగున పలుగు పట్టిన చేతులు గుర్తుకు రాకుండా ఉండవు.

సరస్సు దాటాక తోట తోటలా ఉండటం మానేస్తుంది. మంచుయుగం వదిలేసి వెళ్లిన గుండ్ల మధ్య లోయ, నాచు పట్టిన ఓక్ చెట్లు, కింద వాగు. ఆ లోయ దిగితే స్లేనీ నది గట్టు. తిరిగి పైకెక్కడానికి గ్రానైటుతో చేతిపని మీద చెక్కిన వంద మెట్లు. తిరుమల కాలిబాట ఎక్కినవాళ్లకి వంద మెట్లు లెక్కలోకి రావు గానీ, మే నెలలో ఇక్కడ ఎవరూ తొందరగా ఎక్కరు. మెట్లకు రెండు వైపులా అడవి నేల మీద బ్లూబెల్స్ నీలంగా పరుచుకుంటాయి.

ఇలా నాటినదానికీ దానంతటదే మొలిచినదానికీ మధ్య గీత చెరిపేసే పద్ధతికి ఒక గురువున్నాడు. విలియం రాబిన్సన్, 1838లో ఐర్లండ్‌లో పుట్టినవాడు. కుర్రతనంలో కార్లో పొరుగునే ఉన్న లీష్ కౌంటీలో ఒక ఎస్టేట్ తోటలో పనిచేశాడు. 1861లో లండన్ వెళ్లిపోయాడు. 1870లో 'ది వైల్డ్ గార్డెన్' రాసి, పూలమొక్కల్ని స్కూలు పిల్లల్లా వరుసల్లో నిలబెట్టే విక్టోరియన్ అలవాటును చీల్చి చెండాడాడు. లీష్ వదిలిపెట్టే రాత్రి యజమాని మీద కోపంతో గడ్డకట్టే చలిలో గాజుగదుల కిటికీలన్నీ బార్లా తెరిచి, లోపలి సుకుమారపు మొక్కల్ని చలికి వదిలేసి పోయాడని ఒక కథ ఉంది. నిజమో అబద్ధమో గానీ, ఆయన రాతలు చదివితే నిజమేననిపిస్తుంది!

ఎక్కడ కాదు, ఎప్పుడు

ఆల్టమాంట్‌కి జనం ఎక్కువగా వచ్చే రోజులు ఎండాకాలంలోనే ఉంటాయనుకుంటే పొరపాటు. ఫిబ్రవరిలో అక్కడ ఇంకా చెట్లకు ఆకు లేదు, ఆకాశం బూడిద రంగు, వేళ్లు కొంకర్లు పోయే చలి. అయినా రబ్బరు బూట్లేసుకుని జనం వంగి వంగి నేల చూస్తూ నడుస్తుంటారు. స్నోడ్రాప్స్ కోసం. జానెడు ఎత్తు, పాలచుక్కలా వేలాడే తెల్ల పువ్వు. లోపలి రేకుల మీద ఆకుపచ్చ మచ్చ ఉంటుంది. మామూలు కంటికి అన్నీ ఒకటే. పిచ్చి పట్టినవాళ్లకి మాత్రం మచ్చ గుర్రపు నాడాలా ఉందా, రెండు చుక్కలుగా విడిపోయిందా అన్నది ప్రాణసంకటం. ఆల్టమాంట్‌లో వందకు పైగా రకాలున్నాయి. ఈ మోజు ఎంత దూరం పోతుందంటే, 2015లో ఇంగ్లండ్‌లో 'గోల్డెన్ ఫ్లీస్' అనే రకం గడ్డ ఒక్కటి వేలంలో 1,390 పౌండ్లు పలికింది. మన లెక్కలో లక్ష రూపాయలు దాటిన వెల్లుల్లి రెబ్బంత వస్తువు.

అందుకే కార్లో తోటల గురించి అడిగేవాళ్లకి మ్యాప్ కంటే ముందు క్యాలెండర్ ఇవ్వాలి. ఫిబ్రవరిలో మూడు వారాలు స్నోడ్రాప్స్. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్లు. మేలోనే బ్లూబెల్స్. జూన్ నుంచి ప్రహరీ తోటలు. ఒకే తోటకు ఒక నెలలో వెళ్తే ఇంతేనా అనిపిస్తుంది, ఇంకో నెలలో వెళ్తే అక్కడి నుంచి కదలాలనిపించదు. చాలా ప్రయాణాలు చెడిపోయేది ఇక్కడే. విమానం టికెట్ చవగ్గా దొరికిందని నవంబరులో దిగి, తోటలు బావుండవని తేల్చేస్తారు.

కాలిపోయిన ఇల్లు, బతికిన గోడలు

కార్లో పట్టణానికి ఈశాన్యంగా చదునైన పొలాల మధ్య ఒక్కసారిగా బురుజులు లేస్తాయి. డకెట్స్ గ్రోవ్. 12 వేల ఎకరాలకు మించిన ఎస్టేట్‌కు నడుమ ఉన్న ఇల్లు ఇది. 1830 ప్రాంతంలో వాస్తుశిల్పి థామస్ కాబ్డెన్ దీనికి గోథిక్ సోకులన్నీ తొడిగాడు. కుటుంబపు ఆఖరి యజమానురాలు తన కూతురి మీద ఎంత ఆగ్రహం పెంచుకుందంటే, వీలునామాలో ఆమెకు ఒకే ఒక్క షిల్లింగు రాసిందట. ఆ నాణేన్ని ఇప్పటికీ 'కోపపు షిల్లింగు' అంటారు. 1933 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఇల్లు తగలబడింది. ఎలా అంటుకుందో తేలలేదు. పైకప్పు పోయి, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తూ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. కాకులు కాపురం పెట్టాయి.

2005లో కౌంటీ కౌన్సిల్ ఆ చోటును తీసుకుంది. పడగొట్టలేదు, కట్టనూ లేదు. పక్కనున్న రెండు ప్రహరీ తోటల్ని మాత్రం బాగుచేసి 2007లో తెరిచింది. ఒకదాంట్లో పాతకాలపు పూలమొక్కలు, పియోనీలు. రెండోదాంట్లో పళ్లచెట్లు.

ప్రహరీ తోట అంటే గోడ కట్టి మొక్కలు పెంచడమే కదా అనుకోవచ్చు. అది గోడ కాదు, పొయ్యి. పది పన్నెండడుగుల గోడ గాలిని ఆపుతుంది. లోపలి వైపు ఇటుక పేర్చి ఉంటే అది పగటి ఎండను తాగి రాత్రికి మెల్లగా వదులుతుంది. దక్షిణం చూసే గోడ మీద ఆ వేడి అన్నిటికంటే ఎక్కువ. ఆ గోడకు అంటించినట్టు కొమ్మల్ని తీగలకు కట్టి, చాప అల్లినట్టు అడ్డంగా పెంచితే, ఐర్లండ్ లాంటి వానదేశంలో కూడా అంజీరు కాస్తుంది, పియర్ పండుతుంది. మన అనంతపురం రైతు వేసవిలో అంజీరుకు నీళ్లు ఎలా దక్కించాలా అని చూస్తాడు. కార్లో తోటమాలి అదే చెట్టుకు ఎండ ఎలా దొంగిలించి పెట్టాలా అని గోడలు కట్టాడు.

ఉన్నమాట చెప్పాలంటే డకెట్స్ గ్రోవ్‌లో తోట కంటే శిథిలానికే ఎక్కువ మార్కులు పడతాయి. గులాబీ పొద పక్కన నిలబడ్డవాళ్ల చూపులు కూడా బురుజుల మీదే ఉంటాయి. ప్రవేశం ఉచితం. సాయంత్రం ఎండ పడమటి కిటికీల్లోంచి దూరే వేళకు వెళ్లడం మంచిది.

టల్లో దగ్గర హార్డీమౌంట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఒక కుటుంబం కాపురం ఉండే ఇల్లు. పచ్చిక మీద దేశంలోనే పెద్దవాటిలో ఒకటని చెప్పుకునే స్పానిష్ చెస్ట్‌నట్ చెట్టు, వెనక రెండెకరాల పైచిలుకు ప్రహరీ తోట. ఎండాకాలంలోనే తెరుస్తారు. ముందుగా కనుక్కుని వెళ్లడం మర్యాద.

ఐదువందల ఏళ్ల నీడ

విక్లో వే అనే కాలినడక బాట డబ్లిన్ శివార్లలో మొదలై దాదాపు 130 కిలోమీటర్లు కొండలెక్కి దిగి క్లోనెగల్ అనే చిన్న ఊళ్లో ముగుస్తుంది. ఆ ఊరి చివర హంటింగ్‌టన్ కోట. 1625లో లారెన్స్ ఎస్మండ్ కట్టించాడు. ఇప్పటికీ ఆయన వంశానికి చుట్టరికమున్న కుటుంబమే ఉంటోంది. స్టాన్లీ కుబ్రిక్ 'బ్యారీ లిండన్' సినిమా కొంత ఇక్కడ తీశాడు. 1888లోనే సొంత నీటి టర్బైన్ పెట్టి కరెంటు దీపాలు వెలిగించిన ఇల్లు.

తోటకొచ్చినవాళ్లు మాత్రం ముందు యూ చెట్ల బాట వైపు నడుస్తారు. దాదాపు ఐదారు వందల ఏళ్ల చెట్లు రెండు వరుసలుగా పెరిగి, పైన కొమ్మలు పెనవేసుకుని, పగలే దీపాలు పెట్టే వేళ అనిపించేంత చీకటి చేశాయి. యూ చెట్టు ఆకు, విత్తు రెండూ విషమే. పశువు నమిలితే పడిపోతుంది. అదే ఆకు నుంచి రొమ్ము క్యాన్సర్‌కు వాడే డోసిటాక్సెల్ మందుకు మూలపదార్థం వస్తుంది. ఐర్లండ్‌కి సొంత యూ రకం కూడా ఒకటుంది. అశోక చెట్టులా నిటారుగా పైకి పోయేది. లోకమంతటా శ్మశానాల్లో, పార్కుల్లో కనిపించే ఆ నిటారు యూలన్నీ 18వ శతాబ్దంలో ఫర్మానా కౌంటీలోని ఫ్లోరెన్స్ కోర్ట్‌లో నాటిన ఒకే ఒక్క తల్లిచెట్టు కొమ్మల సంతానం. ఆ తల్లి ఇప్పటికీ బతికే ఉంది.

కోట కింది గదుల్లో ఇంకో వింత. ఈజిప్టు దేవత ఐసిస్‌కు గుడి! ఆ ఇంటి మనిషి ఒలీవియా రాబర్ట్‌సన్, ఆమె తమ్ముడు, అతని భార్య కలిసి 1976లో 'ఫెలోషిప్ ఆఫ్ ఐసిస్' పెట్టారు. కాథలిక్ ఐర్లండ్ నడిబొడ్డున అమ్మవారి పూజ మొదలుపెట్టడానికి ఎంత గుండె కావాలో! ఊరివాళ్లు పెద్దగా గొడవ చేసిన దాఖలా లేదు. పల్లెటూళ్లకు పిచ్చివాళ్ల పట్ల ఉండే ఓర్పు నగరాలకు ఉండదేమో.

ఫ్యాక్టరీల వెనక పదహారు తోటలు

కార్లో పట్టణంలో స్ట్రాహాల్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ ఉంది. గోదాములు, రేకుల షెడ్లు, లారీలు. తోట కోసం అక్కడికి ఎవరూ వెళ్లరు. దారి తప్పామనుకుని సగం మంది వెనక్కి తిరిగే చోటే డెల్టా సెన్సరీ గార్డెన్స్ గేటు ఉంది. మేధోపరమైన వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కోసం నడిచే డెల్టా సెంటర్ దీన్ని నిర్మించింది. 2007లో తెరిచారు. రెండున్నర ఎకరాల్లో పదహారు తోటలు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి.

ఇక్కడి మొక్కల్ని ముట్టుకోవద్దని ఏ బోర్డూ చెప్పదు, మొక్కలే ముట్టుకోమని పిలుస్తాయి. కుక్కపిల్ల చెవిలా మెత్తగా ఉండే ఆకులు, నలిపితే నిమ్మవాసన వచ్చేవి, గాలికి గలగలలాడే గడ్డి, నీటి ఒత్తిడి మీద చేత్తో తోస్తే తిరిగే భారీ రాతి గోళం. చూపు లేనివాళ్లకు ఒక తోట వినబడాలి, వాసన రావాలి. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకు పూలమడి ఒడి ఎత్తులో ఉండాలి. ఈ రెండూ తెలిసినవాళ్లు వేసిన తోట ఇది. కౌంటీలోని పెద్దింటి తోటలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు అనడానికి సందేహించక్కర్లేదు. వీల్‌చైర్‌లో ఉన్న అమ్మమ్మనో, ఒక్కచోట నిలవని పిల్లాడినో వెంటబెట్టుకుని వెళ్లడానికి ఐర్లండ్‌లో ఇంతకంటే మంచి తోట దొరకడం కష్టం.

నిజాం సీమలో గుర్రమెక్కిన కార్లో దొర

దక్షిణాన బోరిస్ అనే ఊరుంది. ఊరి చివర 16 కమానుల పాత రైలు వంతెన, నడిమధ్యన బోరిస్ హౌస్ గేటు. లెయిన్‌స్టర్ రాజుల వారసులైన మాక్‌మర్రో కావనా కుటుంబానిది. చుట్టూ ఓక్ చెట్ల పార్కు, 'లేసు తోట' అన్న పేరుతో ఒక పూలతోట. కరువు కాలంలో ఆ ఇంటి ఇల్లాలు లేడీ హారియట్, కౌలు రైతుల ఇళ్ల ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పి నాలుగు డబ్బులు వచ్చే దారి చూపించింది. నరసాపురం లేసు కథ తెలిసినవాళ్లకు ఇది దగ్గరి చుట్టమే.

ఆమె కొడుకు ఆర్థర్ మాక్‌మర్రో కావనా 1831లో పుట్టాడు. చేతులు, కాళ్లు మొదళ్ల దగ్గరే ఆగిపోయాయి. తల్లి జాలిపడి మూల కూర్చోబెట్టలేదు. గుర్రం మీద ప్రత్యేకమైన జీనులో పట్టీలతో బిగించి స్వారీ నేర్పించింది. ఆర్థర్ వేటాడాడు, బొమ్మలేశాడు. 1849లో అన్నతో, పంతులుగారితో కలిసి స్కాండినేవియా, రష్యా, పర్షియాల మీదుగా నేల మార్గాన బయల్దేరి ఇండియా చేరాడు. అన్న చనిపోయాడు, డబ్బు అయిపోయింది. అప్పుడతను కడుపు నింపుకోవడానికి ఔరంగాబాద్ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ తపాలు మోసే రౌతుగా కుదిరాడు. అప్పటి ఔరంగాబాద్ నిజాం రాజ్యంలోది. అంటే హైదరాబాద్ సర్కారు నేల మీద, చేతులూ కాళ్లూ లేని ఐరిష్ కుర్రాడొకడు గుర్రం మీద ఉత్తరాలు చేరవేశాడన్నమాట! తిరిగెళ్లి ఎస్టేట్ అందుకున్నాడు, 1868 నుంచి 1880 దాకా కార్లో తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు. బోరిస్ హౌస్‌ను ఎంపిక చేసిన రోజుల్లోనే చూపిస్తారు. 482వ సెక్షన్ జాబితా పనికొచ్చేది ఇలాంటి చోటే.

బారో ఒడ్డున లెయిలిన్‌బ్రిడ్జ్ మీదుగా వెళ్లేవాళ్లు ఓ పది నిమిషాలు ఆగొచ్చు. ఆకాశం నీలంగా ఎందుకుందో వివరించే ప్రయోగాలు చేసిన, భూమి వేడెక్కడానికి గాలిలోని వాయువులు ఎలా కారణమో 1859లోనే ప్రయోగశాలలో కొలిచిన జాన్ టిండాల్ పుట్టింది ఈ ఊళ్లోనే. నది గట్టున పూలమళ్లు, పాత రాతి వంతెన, కూలిన కోట. కార్లో పట్టణం పక్కనే ఓక్ పార్క్ ఉంది. సరస్సు చుట్టూ నడిచే అడవి బాటలున్న చోటు. అదే ఎస్టేట్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఐర్లండ్ ఇప్పుడు ఇష్టంగా తినే రూస్టర్ బంగాళాదుంపను తయారుచేశారు.

వెళ్లాలనుకునేవాళ్లకి

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి వాటర్‌ఫర్డ్ వెళ్లే రైలు కార్లోలో, బాగెనల్స్‌టౌన్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి తోటలకు బస్సులు దాదాపు లేనట్టే. కారు తప్పదు. మనలాగే ఎడమ వైపు నడపడం కాబట్టి తడబాటు ఉండదు. పల్లె రోడ్ల మీద వేగ పరిమితిని 2025 ఫిబ్రవరి నుంచి 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించారు. ఆ సందుల్లో 60 కూడా ఎక్కువే. వాన చొక్కా ఏ నెలలోనైనా కారులో ఉండాలి. ఆల్టమాంట్ లోయలోకి చెప్పులతో దిగొద్దు.

కార్లో పట్టణంలోని సౌత్ ఈస్ట్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో భారతీయ విద్యార్థులు చదువుతున్నారు. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ ఏటా బతుకమ్మ పేర్చే తెలుగు కుటుంబాలున్నాయి. సెలవొస్తే అందరూ సముద్రం ఒడ్డున ఉన్న మోహర్ కొండచరియల వైపే కారు తిప్పుతారు. ఈసారి అటు కాకుండా ఇటు రండి. విశ్వవిద్యాలయం నుంచి ఆల్టమాంట్ పాతిక కిలోమీటర్లు. టికెట్ లేదు. ఫిబ్రవరిలో వెళ్తే మాత్రం మధ్యాహ్నం రెండింటి లోపే చేరుకోండి, పొద్దు త్వరగా వాలుతుంది, గేటు కూడా త్వరగానే వేసేస్తారు.